బండల నేల, పెద్ద హాలు: స్పీకర్లూ యాంప్లిఫయరూ ఎంచుకోవడం ఎలా

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఈమధ్య కట్టిన ఇళ్లలో హాలు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు ఉండటం వింతేమీ కాదు. కింద బేతంచెర్ల బండలో, తాడిపత్రి బండలో, కడప నల్ల బండలో పరిచి ఉంటాయి. గోడలకు పుట్టీ నున్నగా పట్టించి ఉంటుంది. పైన స్లాబు. ఎండాకాలంలో కాలు పెడితే హాయిగా ఉండే ఈ హాల్లోనే పాట పెడితే బావిలో పాడినట్టు ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే పని ఇంకా పెద్ద యాంప్లిఫయర్ కొనడం. దానివల్ల గోల పెరుగుతుంది, పాట మాత్రం బాగుపడదు.

వరుస ఇలా పెట్టుకోండి: ముందు గది, తర్వాత స్పీకరు, ఆ తర్వాతే యాంప్. ఖర్చు కూడా అలాగే పంచండి. రూపాయిలో ఎనిమిదణాలు స్పీకర్లకూ సబ్‌వూఫర్లకూ (బాస్, అంటే బాగా కింది స్వరాలు మాత్రమే పలికే పెట్టెలు), పావలా గదికి, మిగిలిన పావలాలో యాంప్, కరెంటు పని, వైర్లు. షాపువాళ్లు ఈ లెక్కను తలకిందులుగా చెబుతారు. దూదీ గుడ్డా అమ్మితే వాళ్లకు మిగిలేది తక్కువ కదా.

మొదట టేపు, తర్వాత చప్పట్లు

పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి గుణించండి. పైన చెప్పిన హాలు 6,600 ఘనపుటడుగులు. మెట్లు, భోజనాల గది తలుపు లేకుండా హాల్లోకి తెరుచుకుని ఉంటే వాటినీ కలపండి. రెండంతస్తుల ఎత్తున్న హాలైతే అసలు ఎత్తే వేయాలి. స్పీకరు కదిలించాల్సింది ఈ గాలినంతా.

సామాను లేని హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి. శబ్దం ఎంతసేపు తోక సాగుతుందో వినండి. దీనికి లెక్క ఉంది: ఘనపుటడుగులను 0.049తో గుణించి, గది మొత్తం మింగే శబ్దంతో భాగించాలి. ఒక చదరపు అడుగు తెరిచిన కిటికీ మింగినంత శబ్దాన్ని ఒక సాబిన్ అంటారు. మన హాల్లో నేల, పైకప్పు, గోడలు కలిపి 2,300 చదరపు అడుగులు. బండా, గారా తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులు మాత్రమే మింగుతాయి. అంటే సుమారు 70 సాబిన్లు. 323ని 70తో భాగిస్తే నాలుగున్నర సెకండ్లు. మృదంగం మీద ఒక దెబ్బ పడి అది చల్లారేలోపు ఇంకో పది దెబ్బలు దాని మీద పడతాయి. పాత మిద్దె ఇళ్లలో దూలాల మధ్య, దంతెల మధ్య శబ్దం కొంతైనా చెదిరిపోతుంది. స్లాబుకు ఆ గుణం లేదు.

ఇంత పెద్ద హాలుకు 0.8 సెకండు దగ్గరకు తెస్తే చాలు. దానికి 400 సాబిన్లు కావాలి. అవి ఎలా వస్తాయో చూడండి. ఖాళీ గది 70. గుడ్డ కవరున్న సోఫాలు, వాటిలో కూర్చున్న మనుషులు కలిపి ఇంకో 70. తోలు సోఫా అయితే ఇంత రాదు. స్పీకర్లకూ మీకూ మధ్య 12 అడుగులకు 9 అడుగుల దళసరి తివాచీ పరిస్తే 30. కిటికీలకూ తలుపుకూ కుచ్చులు ఒత్తుగా వచ్చేలా, గోడ వెడల్పుకు రెట్టింపు గుడ్డతో కుట్టించిన బరువైన కర్టెన్లు 150 చదరపు అడుగులు ఉంటే 75. నిండుగా పుస్తకాలున్న అలమార 30. మిగిలిన 125 రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నార) పలకలతో రావాలి, అంటే సుమారు 130 చదరపు అడుగులు. ఇవి మధ్య స్వరాల అంకెలు. బాస్ సంగతి వేరు, అది సబ్‌వూఫర్ దగ్గర వస్తుంది.

పలకలు వడ్రంగితో చేయించుకోవచ్చు. ఘనపు మీటరుకు 48 నుంచి 60 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్, 50 మిల్లీమీటర్ల మందంది తెచ్చి రెండు పొరలు కలపండి. రాక్‌వూల్ ఏ కొలతలో దొరికితే చెక్క ఫ్రేము ఆ కొలతకే కట్టించండి, కోతలు తగ్గుతాయి. ముందు పల్చటి గుడ్డ చుట్టి, దాని మీద మీకు నచ్చిన రంగు ఖద్దరు గుడ్డ బిగించండి. గుడ్డను నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. పోని గుడ్డ పనికిరాదు. గోడకు అతికించకుండా 4 అంగుళాలు ఎడం ఇచ్చి తగిలిస్తే ఇంకా కింది స్వరాల దాకా పనిచేస్తుంది. కోసేటప్పుడు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. రాక్‌వూల్ వద్దనుకుంటే ఆదోని దూదిని గట్టిగా కూరినా పని జరుగుతుంది, కానీ దూదికి నిప్పు భయం, పురుగు భయం రెండూ ఉన్నాయి. స్విచ్‌బోర్డుల దగ్గర పెట్టకండి. దళసరి గొర్రెబొచ్చు కంబళిని రెండు మడతలు వేసి గోడకు ఎడంగా వేలాడదీస్తే పై స్వరాలకు బాగానే పనికొస్తుంది, చూడటానికీ అందంగా ఉంటుంది.

గుడ్ల అట్టలు, అంగుళం మందం ఫోము మాత్రం వద్దు. అవి పై స్వరాలను మాత్రమే మింగి, కింద హోరును అలాగే వదిలేస్తాయి. గాత్రం దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది.

స్పీకరు: దూరం లెక్క

స్పీకరు కాగితం మీద చూడాల్సిన మొదటి అంకె సెన్సిటివిటీ. 2.83 వోల్టులు ఇస్తే 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ (మోతకు కొలత) మోగుతుందో అది చెబుతుంది. 8 ఓమ్‌ల స్పీకరుకు 2.83 వోల్టులంటే 1 వాటు. 4 ఓమ్‌ల స్పీకరుకు 2 వాట్లు. కాబట్టి 4 ఓమ్‌ల స్పీకరు మీద 90 అని ఉంటే, పోల్చేటప్పుడు దాన్ని 87గా లెక్కపెట్టండి.

మీరు 13 అడుగుల దూరంలో, అంటే 4 మీటర్లలో కూర్చుంటారు. బయట మైదానంలో దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతాయి, 4 మీటర్లకు 12 పోతాయి. గది తన వంతుగా సుమారు 3 తిరిగి ఇస్తుంది, రెండో స్పీకరు ఇంకో 3 కలుపుతుంది. నికరంగా పోయేది 6. నాదస్వరం, డోలు ఉన్న కచేరీ రికార్డును నిజంగా కచేరీలా వినాలంటే ఉధృతమైన చోట్ల 102 డెసిబెల్స్ అందాలి. ఇప్పుడు లెక్క చూడండి:

84 డెసిబెల్స్ స్పీకరు: ఒక్కోదానికి 250 వాట్లు కావాలి.
90 డెసిబెల్స్ స్పీకరు: 63 వాట్లు.
96 డెసిబెల్స్ స్పీకరు: 16 వాట్లు.

మొదటి వరుసలో ఇంకో మోసం ఉంది. చిన్న స్పీకరుకు 250 వాట్లు ఇస్తే లోపలి కాయిల్ వేడెక్కి నిరోధం పెరుగుతుంది, ఇచ్చిన వాట్లకు తగ్గ మోత రాదు. బీబీసీ వాళ్లు 1970లలో తయారుచేసిన ఎల్‌ఎస్ 3/5ఏ అనే చిన్న మానిటర్‌కు లోకమంతా పేరుంది, గాత్రం దానిలో అద్భుతంగా పలుకుతుంది. కానీ అది బయటి ప్రసారాల వ్యానులో చెవికి దగ్గరగా వినడానికి చేసింది. సెన్సిటివిటీ 83 ప్రాంతం. మన హాల్లో పెడితే పొలం మధ్యలో ట్రాన్సిస్టర్ పెట్టినట్టే.

రెండో అంకె కోను (ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే గరాటు) వైశాల్యం. ఆరున్నర అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే కోను) సుమారు 135 చదరపు సెంటీమీటర్లు, 12 అంగుళాలది 520, 15 అంగుళాలది 850. అంటే ఒక పదిహేనంగుళాల వూఫర్ ఆరు చిన్న వూఫర్ల పెట్టు. బాస్ ఒక స్థాయి కిందికి దిగితే, అదే మోతకు కోను నాలుగింతలు ఎక్కువ దూరం కదలాలి. చిన్న కోను ఎక్కడికని కదులుతుంది? ఈ హాలుకు కనీసం రెండు 8 అంగుళాల వూఫర్లున్న నిలువు స్పీకర్లు, లేదా 10 నుంచి 15 అంగుళాల వూఫరుతో హార్న్ (బాకాలాంటి నోరు) ఉన్నవి, సెన్సిటివిటీ 90కి తగ్గనివి చూడండి. హార్న్‌కు ఇంకో లాభం ఉంది. అది శబ్దాన్ని మీ వైపే పంపుతుంది, పైకప్పు మీదికీ పక్క గోడల మీదికీ తక్కువ చల్లుతుంది. బండల ఇంట్లో ఇది పెద్ద మేలు. 1946 నుంచి తయారవుతున్న క్లిప్‌ష్‌హార్న్ లాంటివి గది మూలనే హార్న్‌లో భాగంగా వాడుకుంటాయి. రెండు మూలలూ నిండుగా, తలుపు లేకుండా ఉంటేనే అలాంటివాటి జోలికి వెళ్లండి.

పెళ్లిళ్లకు తిప్పే డీజే బాక్సులు హాల్లో పెడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. మోతకు లోటుండదు. కానీ లోపల యాంప్ ఉన్నవాటిలో సన్నటి సొద ఎప్పుడూ వినిపిస్తుంది, కొన్నిటిలో ఫ్యాను కూడా తిరుగుతుంది. మెల్లగా పెట్టుకున్న వీణ వెనక అది భరించలేం. థియేటర్లలో తెర వెనక పెట్టే 15 అంగుళాల సినిమా స్పీకర్లు అంతకంటే మంచివి, రూపం సంగతి ఇంట్లోవాళ్లతో తేల్చుకోవాలి.

ఇంపెడెన్స్, అంటే స్పీకరు కరెంటుకు చూపే నిరోధం కూడా చూడండి. 8 ఓమ్‌లు అని రాసిన స్పీకరు నియమం ప్రకారం ఎక్కడా 6.4 కిందికి పోకూడదు, 4 ఓమ్‌లది 3.2 కిందికి పోకూడదు. అందరూ ఈ నియమం పాటించరు. కొలిచిన గ్రాఫు దొరికితే అత్యల్పం ఎంతో చూసి రాసుకోండి, యాంప్ కొనేటప్పుడు అదే కావాలి.

పాతవి కొంటుంటే ముందు గ్రిల్లు తీసి కోను అంచును వేలితో మెల్లగా నొక్కండి. ఫోము అంచు పదీ పదిహేనేళ్లకు పొడి రాలిపోతుంది, మన వేడికి ఇంకా ముందే. రబ్బరు అంచో గుడ్డ అంచో ఉన్నది మేలు. కోనును నాలుగు వేళ్లతో సమంగా లోపలికి నొక్కినప్పుడు గరగర వినిపిస్తే కాయిల్ రాసుకుంటున్నట్టు. వదిలేయండి.

మంచి డెమో కోసం మీరు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లాల్సి రావచ్చు. అక్కడి డెమో గదులు చాలావరకు చిన్నవి, తివాచీలు పరిచినవి. ఆరడుగుల దూరంలో విని మురిసిపోకండి. తలుపు తెరిపించి గది బయట 13 అడుగుల దూరంలో నిలబడి వినండి. బాస్ నిలిచిందా, మాట తేటగా ఉందా అని చూడండి. తంబుర శ్రుతి ఒక్కటే ఉన్న రికార్డు, మృదంగం తనియావర్తనం, ఒక ఆడ గొంతు, ఒక మగ గొంతు: ఈ నాలుగూ ఫోనులో పట్టుకెళ్లండి. తొప్పి (మృదంగం ఎడమ వైపు) దెబ్బ ముద్దగా కాకుండా విడివిడిగా వినిపించాలి.

యాంప్లిఫయర్: పెట్టె మీద రాసింది ఎలా చదవాలి

పీఎంపీఓ (రెప్పపాటు మాత్రం వచ్చే గరిష్ఠ శక్తి) అని వేలల్లో వాట్లు రాసి ఉంటే ఆ పెట్టెను అక్కడే పెట్టేయండి. హోమ్ థియేటర్ రిసీవర్ల మీద 150 వాట్లు అని ఉన్నా, కింద చిన్న అక్షరాలు చదవాలి: 6 ఓమ్‌లు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం వక్రీకరణ (డిస్టార్షన్), ఒక్క చానెల్ మాత్రమే నడుస్తూ. అంటే 8 ఓమ్‌లకు రెండు చానెళ్లూ నడిచినప్పుడు అందులో సగం కూడా రాకపోవచ్చు. నమ్మదగిన మాట ఇలా ఉంటుంది: 8 ఓమ్‌లకు, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, రెండు చానెళ్లూ కలిసి నడుస్తూ, వక్రీకరణ 0.1 శాతం లోపు. దాని పక్కనే 4 ఓమ్‌ల అంకె చూడండి. 8కి 100, 4కి 180 నుంచి 200 ఉంటే లోపల పవర్ సప్లై గట్టిది. 8కి 100, 4కి 110 అని ఉంటే, లేదా 4 ఓమ్‌ల ఊసే లేకపోతే, 3.2కి దిగే స్పీకరును దానికి తగిలించకండి.

ఎన్ని వాట్లు? పై పట్టికలో వచ్చిన అంకెకు రెట్టింపు. 90 డెసిబెల్స్ స్పీకర్లకు 120, 150 వాట్ల యాంప్ హాయిగా సరిపోతుంది. రెట్టింపంటే 3 డెసిబెల్స్ వెసులుబాటే, అది దుబారా కాదు. వాట్లు చాలక యాంప్ తన హద్దు దాటితే తరంగం తల తెగుతుంది. మీరు ఇంకా పెంచుతారు, బాస్ ఇక పెరగదు, పై స్వరాలు మాత్రం పెరుగుతూ పోతాయి. పాపం ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకరు) కాలిపోతుంది. చిన్న యాంప్‌తో పెద్ద స్పీకర్లు పోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

యాంప్ పనిచేసే పద్ధతుల్లో క్లాస్ ఏబీనా, క్లాస్ డీనా అన్న వాదన ఇక్కడ ఎండలు తేల్చేస్తాయి. బయట 42, 43 డిగ్రీలున్నప్పుడు మూసిన టీవీ యూనిట్ అరలో పెట్టిన ఏబీ యాంప్ హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, రక్షణ రిలే పడి పాట ఆగిపోతుంది, లోపల కెపాసిటర్ల ఆయుష్షు తగ్గుతుంది. ఏబీ కొంటే పైన కనీసం 6 అంగుళాలు ఖాళీ ఉంచండి, అర వెనక పలక తీసేయండి. క్లాస్ డీ చల్లగా ఉంటుంది, బరువు తక్కువ. ఉదాహరణకు క్రౌన్ ఎక్స్‌ఎల్‌ఎస్ 1502కి 8 ఓమ్‌ల వద్ద చానెల్‌కు 300 వాట్లు, 4 వద్ద 525 అని కంపెనీ చెబుతుంది. దానిలో ఫ్యాను ఉంటుంది కాబట్టి కూర్చునే చోటికి దూరంగా పెట్టాలి. ఏబీకి ఉన్న మేలు బాగుచేత. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతే చేయి తిరిగిన మెకానిక్ ఊళ్లోనే మార్చగలడు. క్లాస్ డీ మాడ్యూల్ పోతే బోర్డు మొత్తం మార్చాలి, అందుకు పెట్టె కట్టి పంపాల్సి రావచ్చు. ఏది కొన్నా వారంటీ పని ఎక్కడ చేస్తారో ముందే అడగండి.

96కి పైబడ్డ హార్న్ స్పీకర్లుంటే 8, 10 వాట్ల వాల్వు యాంప్ కూడా మామూలు స్థాయిలో వినడానికి చాలుతుంది. మే నెలలో దాని పక్కన కూర్చునే ఓపిక మీకుండాలి. ఇక గుడిలో, ఉత్సవాల్లో వాడే అహూజా యాంప్‌లలో 100 వోల్ట్ లైను అనే అవుట్‌పుట్ ఉంటుంది. అది పొడవాటి వైర్ల చివర ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న హార్న్‌ల కోసం. ఇంటి స్పీకరును దానికి నేరుగా తగిలిస్తే మరుక్షణమే పోతుంది.

సబ్‌వూఫర్ ఒకటి కాదు, రెండు

565ను గది కొలతతో భాగిస్తే ఆ దిక్కున గది మొదట మోగే స్వరం వస్తుంది. 30 అడుగులకు 19 హెర్ట్జ్, 20కి 28, 11కి 51. వీటి దగ్గర ఒక సోఫాలో బాస్ గుండెను తడుతుంది, పక్క సోఫాలో అసలు ఉండదు. గదిలో ఎంత కంబళి వేసినా ఇది పోదు. దీనికి మందు ఒకే రకం సబ్‌వూఫర్లు రెండు, 12 అంగుళాలవి, ఎదురెదురు గోడల సరిగ్గా మధ్యలో. రెండూ కలిసి ఒకదాని అలను ఒకటి కొట్టేస్తాయి, అన్ని సీట్లకూ బాస్ దగ్గరదగ్గరగా అందుతుంది. ఒక 15 అంగుళాలది మూలన పెట్టడం కంటే ఇది మేలు. క్రాసోవర్ (సబ్‌వూఫర్ వదిలి స్పీకర్లు అందుకునే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టండి.

వైర్లు, ఎర్త్

స్పీకరు వైరుకు ఖరీదైన పేర్లు అక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 10 మీటర్లకు రానూ పోనూ 0.15 ఓమ్ దాకా ఉంటుంది. 4 ఓమ్‌ల స్పీకరుకు 0.2 లోపు ఉంటే చాలు. దూరం 13 మీటర్లు దాటితే 4 చదరపు మిల్లీమీటర్లది వేయండి.

బోర్డు నుంచి విడిగా ఒక 16 ఆంపియర్ల లైను లాగించి, యాంప్, సబ్‌లు, టీవీ అన్నీ ఒకే ఫేజు మీద, ఒకే ఎర్త్ మీద ఉంచండి. హాలు ఆ చివర సబ్‌ను వేరే లైను సాకెట్‌లో పెడితే హమ్మింగ్ మొదలవుతుంది. 30 అడుగుల సిగ్నల్ వైరు లాగాల్సి వస్తే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ వాడండి, అందుకు రెండు వైపులా ఆ సాకెట్ ఉన్న సామానే కొనండి. హమ్మింగ్ పోవడానికి ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం ప్రాణాంతకం. కేబుల్ టీవీ వైరు ఊడదీసి చూడండి, చాలాసార్లు దొంగ అదే.

ఎర్త్ గుంత ఎండాకాలంలో ఎండిపోతే పని చేయదు. బొగ్గు, ఉప్పు వేసిన పాత పద్ధతి గుంతైతే మార్చి నుంచి వారానికి ఒకటి రెండు సార్లు నీళ్లు పోయించండి. వోల్టేజీ 230కి బాగా ఎక్కువా తక్కువా అయ్యే ఊళ్లలో సర్వో స్టెబిలైజర్ 2 కేవీఏ పెట్టండి. రిలే రకం మాటిమాటికీ టకటకలాడుతుంది, ఆ టకటక స్పీకర్లోనూ వినిపిస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాంప్‌ను నడపకండి, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది.

నిలబెట్టడం, సరిచూడడం

20 అడుగుల గోడ ముందు స్పీకర్లు, 10 అడుగుల ఎడంతో, పక్క గోడలకు 5 అడుగుల దూరంలో. స్పీకర్ల వెనక ఉన్న గోడకు 4 అడుగులకు తగ్గకూడదు. 282ను ఆ దూరంతో భాగిస్తే, గోడ నుంచి తిరిగి వచ్చిన అల ఏ స్వరాన్ని తినేస్తుందో తెలుస్తుంది. 2 అడుగులైతే 141 హెర్ట్జ్, సరిగ్గా మృదంగమూ మగ గొంతూ ఉండే చోటు. 4 అడుగులైతే 70, అది సబ్‌వూఫర్ చూసుకునే చోటు. సోఫాను వెనక గోడకు ఆనించకండి, హాలు నట్టనడుమ కూడా వద్దు.

పక్క గోడ మీద ఒకరు అద్దం పట్టుకుని జరుపుతూ ఉంటే, మీరు సీటులో కూర్చుని చూడండి. అద్దంలో స్పీకరు కనిపించిన చోట మొదటి పలక తగిలించాలి.

వైరు బిగించాక, యాంప్ ఆపి ఉండగా స్పీకరు వైర్ల చివర ఒకటిన్నర వోల్టుల పెన్ను సెల్లును క్షణంపాటు తాకించండి. ప్లస్ ప్లస్‌కు తగిలితే వూఫర్ బయటికి రావాలి. ఒకటి బయటికి, ఇంకోటి లోపలికి పోతే వైర్లు తారుమారైనట్టు, బాస్ ఎక్కడా కనబడదు. తర్వాత ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఒక కొలత మైకు పెట్టి 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా కొలిచి, ఎత్తుగా లేచిన శిఖరాలను మాత్రమే ఈక్వలైజర్‌తో తగ్గించండి. గుంటలను పూడ్చబోతే వాట్లన్నీ అందులోకే పోతాయి.

కూలర్ పక్కన కొలవకండి. దాని హోరు మీద తేటగా వినాలంటే ఎంత పెంచాలో అంత యాంప్ కొట్టుకుపోతుంది. సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే పై స్వరాలు రెక్కలకు తగిలి వణుకుతాయి, వయొలిన్‌లో తెలిసిపోతుంది. సీటుకూ స్పీకర్లకూ మధ్య ఉన్న ఫ్యాను ఆపి, వెనకది వేసుకోండి.

వేసేటప్పుడు యాంప్ చివరగా వేయండి, ఆపేటప్పుడు ముందుగా ఆపండి. మే చివర ఈదురుగాలికి ఉరుము వినిపించగానే స్విచ్ ఆపి ఊరుకోకుండా ప్లగ్గే పీకేయండి. కేబుల్ టీవీ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా ఊడదీయండి, పిడుగు ఆ దారిలోనూ వస్తుంది.